రంగు కోసం రాసిన క్రీముతో చెల్లి ముఖం మండుతోందన్న అక్కకి

అక్కా, పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు "పిల్ల రంగు తక్కువ" అన్నారని మీ చెల్లి నాలుగు నెలలుగా మందులషాపు క్రీము రాస్తోందని, ఒక్కరోజు మానినా ముఖం ఎర్రబడి మండుతోందని రాశారు.

ముందు ట్యూబు మీది సన్నక్షరాలు చదవండి. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, వీటిలో ఏదున్నా అది స్టెరాయిడ్, అంటే ఎరుపునీ వాపునీ అణిచే మందు. 2018 నుంచి ఇలాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు. సొంతంగా మార్పులు చెయ్యకుండా, ట్యూబు పట్టుకుని ఉస్మానియాకో గాంధీకో వెళ్లి చర్మవ్యాధుల ఓపీలో చూపించండి, ఎలా ఆపాలో వాళ్లే చెప్తారు. ఈలోపు బ్లీచ్, ఫేషియల్, నిమ్మరసం ఏవీ వద్దు. ఇలాంటి క్రీమే రాసిన మా పిన్ని కూతురికి బుగ్గల మీద ఎర్రటి సన్ననరాలు తేలాయి. కోఠి బస్టాపులో ఎండ తగిలితే చున్నీ కప్పుకుని ఏడ్చేది. తగ్గడానికి నెలలు పట్టింది.

ఎండలో మాడేవాళ్లు కూలీలు, నీడపట్టున ఉండేవాళ్లు దొరలు. చైనాలో, జపాన్‌లో, మన దగ్గరా రంగుకి హోదా అంటుకున్నది చాలావరకు అలాగే. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. మ్యారేజ్ బ్యూరో ఫారంలో 'ఛాయ' గడి మీరూ ఖాళీగా వదిలెయ్యండి. ఫోటోకి ఫిల్టర్ వేయించకండి.