బాగున్న బయోస్‌ని ఎందుకు కదిలించానా అనిపిస్తోంది

ప్రశ్న: ఏడాదిన్నరగా ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టని కంప్యూటర్ నాది. రైజన్ 7000 సిరీస్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ స్టిక్‌లు నాలుగు, డీడీఆర్5, స్పీడ్ 6000. మొదట రెండే ఉండేవి, తర్వాత అదే మోడల్‌వి ఇంకో రెండు కొని పెట్టాను. పోయిన నెల బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ చేశాను, అది సాఫీగానే అయింది. అప్పట్నుంచి రోజుకు రెండు మూడు బ్లూ స్క్రీన్‌లు. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఇంకోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అంటుంది, మరోసారి ఏమీ అనకుండానే రీస్టార్ట్ అవుతుంది. విండోస్ మొత్తం చెరిపేసి మళ్లీ వేశాను, అదే తంతు. విండోస్ తనకు జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని ఉంది. రిపేర్ చేసే అతను బోర్డు పోయిందంటున్నాడు. పాత సెట్టింగ్‌లన్నీ ముందే ప్రొఫైల్‌గా సేవ్ చేసుకుని అప్‌డేట్ అయ్యాక అదే లోడ్ చేశాను కాబట్టి సెట్టింగ్‌ల తేడా అయ్యుండదు. బోర్డు మార్చేయమంటారా?

జవాబు: ఆగండి, బోర్డు జోలికి ఇప్పుడే వెళ్లకండి. 'సెట్టింగ్‌ల తేడా అయ్యుండదు' అని మీరు కొట్టిపారేసిన చోటే నాకు దొంగ కనిపిస్తున్నాడు. పాత బయోస్‌లో సేవ్ చేసిన ప్రొఫైల్‌ని కొత్త బయోస్‌లో లోడ్ చేయకూడదు. వెర్షన్ మారినప్పుడు లోపలి మెనూలు, వాటి వెనక ఉండే విలువలు కూడా మారుతుంటాయి. కొన్ని బోర్డులు పాత ప్రొఫైల్‌ని తీసుకోనని మొహం మీదే చెప్పేస్తాయి, కొన్ని మాత్రం మారు మాట్లాడకుండా తీసుకుని తర్వాత మనల్ని ఏడిపిస్తాయి. నేనూ ఒకసారి ఇదే పని చేసి ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను కాబట్టి మిమ్మల్ని తిట్టే హక్కు నాకు లేదు.

ఇక బ్లూ స్క్రీన్ పేర్ల సంగతి. డ్రైవర్ తప్పయితే మామూలుగా ఒకే పేరు, ఒకే ఫైల్ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. రోజుకో పేరు వస్తోందంటే మొదట అనుమానించాల్సింది ర్యామ్‌ని. 41 అనే నంబరుని చూసి చాలామంది పవర్ సప్లై మార్చేస్తుంటారు, పాపం. అది చెప్పేది 'పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయాను' అని మాత్రమే, ఎందుకు ఆగిందో దానికీ తెలీదు.

'అప్‌డేట్‌కి ముందు ఇదే ర్యామ్ బాగా నడిచింది కదా' అంటారు. నడిచింది, కానీ అదృష్టం మీద నడిచింది. ర్యామ్ డబ్బా మీద వేసిన 6000 అనేది ఎక్స్‌పో (ర్యామ్‌లో ముందే రాసిపెట్టిన స్పీడ్ సెట్టింగ్) ఆన్ చేస్తే వచ్చే స్పీడ్, అంటే ఓవర్‌క్లాకే, అధికారిక స్పీడ్‌ని మించి నడపడమే. రైజన్ 7000కి ఏఎండీ అధికారికంగా చెప్పే స్పీడ్ రెండు స్టిక్‌లైతే 5200, నాలుగు పెడితే 3600. నాలుగు స్టిక్‌లను, అదీ రెండు విడతలుగా కొన్నవాటిని, 6000 దగ్గర ఏడాదిన్నర నడిపించారంటే మీ బోర్డు మెచ్చుకోదగ్గదే. ర్యామ్‌ని ఎలా సర్దుబాటు చేసుకోవాలో నిర్ణయించేది బయోస్ లోపల ఉండే అజీసా అనే ఏఎండీ కోడ్. బయోస్‌తో పాటు అదీ మారుతుంది, దాంతో నిన్నటిదాకా గట్టెక్కిన సర్దుబాటు ఇవాళ అంచు మీదకి వస్తుంది. ఇంకో విషయం కూడా ఉంది. 2023లో కొన్ని రైజన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయిన గొడవ తర్వాత ప్రాసెసర్‌లో ర్యామ్‌ని చూసుకునే భాగానికి ఇచ్చే ఎస్ఓసీ వోల్టేజీ 1.3 వోల్టులు దాటకుండా బయోస్‌లలో కట్టడి పెట్టారు. మీ పాత బయోస్ అంతకు ముందుదైతే, అది ర్యామ్ కోసం గుట్టుగా ఎక్కువ వోల్టేజీ ఇస్తూ ఉండొచ్చు, కొత్తది ఇవ్వదు. అందుకే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లిపోమని మీకు చెప్పను.

చేయాల్సింది ఇది. బయోస్‌లోకి వెళ్లి లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్ కొట్టండి, ఎఫ్10తో సేవ్ చేసి బయటికి రండి. ఇంకా గట్టిగా కావాలంటే పవర్ కేబుల్ పీకేసి బోర్డు మీదున్న బయోస్ సెట్టింగ్‌లను చెరిపేసే క్లియర్ సీమాస్ జంపర్ వాడండి, లేదా ఆ గుండ్రటి సీఆర్ 2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి పెట్టండి. తర్వాత ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, ఫ్యాన్లు తిరుగుతుంటాయి, బోర్డు మీద డీర్యామ్ లైటు వెలుగుతూ ఉంటుంది, మీకు చెమటలు పడతాయి. ఏమీ కాలేదు, అది మెమరీ ట్రైనింగ్, అంటే ర్యామ్‌కి కుదిరే సర్దుబాటుని బోర్డు వెతుక్కోవడం. 64 జీబీ డీడీఆర్5కి చాలా నిమిషాలు పట్టొచ్చు. ఆ టైములో టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కారా, మళ్లీ మొదటికే.

ఎక్స్‌పో ఆన్ చేయకుండా, ప్రాసెసర్ వోల్టేజీని సవరించే కర్వ్ ఆప్టిమైజర్ లాంటివి ఏవీ ముట్టకుండా రెండు రోజులు మామూలుగా పని చేసుకోండి. స్పీడ్ తక్కువ కనిపిస్తుంది, పర్లేదు. క్రాష్‌లు ఆగిపోతే బోర్డు బతికే ఉందన్నమాట, రిపేర్ అతనికి నమస్కారం పెట్టేయండి. ఆగకపోతే రెండు స్టిక్‌లు తీసేయండి, మిగిలిన రెండిటిని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. చాలా బోర్డుల్లో ఏ2, బీ2 అవే, మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి దాని నుంచి బూట్ చేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న ఒక్క ఎర్రర్ కనిపించినా ఫెయిల్ కిందే లెక్క. 'ఒకటే కదా' అనుకోవద్దు. ఆ జత పాసైతే రెండో జతనీ విడిగా అలాగే చూడండి. రెండు జతలూ విడివిడిగా బాగుండి నాలుగూ కలిపితేనే పేచీ వస్తోందంటే స్టిక్‌ల తప్పేం లేదు, స్పీడ్ తగ్గించుకోవడమే. 5600 చూడండి, తర్వాత 5200, అలా దిగుతూ రండి. 64 జీబీ తప్పనిసరైతే నాలుగు 16ల కంటే రెండు 32లు ఉన్న ఒకే కిట్ ఎప్పుడూ మేలు.

ఎక్స్‌పో మళ్లీ ఆన్ చేశాక మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ అనే ఆప్షన్‌ని వెతకండి. ఒక్కోసారి ట్రైనింగ్ చేసి ఆ ఫలితాన్నే దాచుకుని ప్రతి బూట్‌కీ వాడుకోవడం దాని పని. అందువల్ల బూట్ త్వరగా అవుతుంది, కానీ ఆ దాచుకున్నది సరిగ్గా కుదరకపోతే ఇలాంటి చెప్పాపెట్టని క్రాష్‌లే వస్తాయి. అప్‌డేట్‌లో ఇది ఆటోలో ఆన్ అయ్యుండొచ్చు. డిజేబుల్ చేసి చూడండి. బూట్ టైము పెరుగుతుంది, అంతే.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి, కాగితం మీద రాసుకోండి. ఈ గొడవ అంతా తేలాక అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో విండోస్ ఫైళ్లను సరిచూసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) కమాండ్ నడపండి. తప్పులు చేస్తున్న ర్యామ్ మీద విండోస్ ఇన్‌స్టాల్ చేశారు కదా, ఫైళ్లు కొన్ని దెబ్బతిని ఉండే అవకాశం బాగానే ఉంది.

ప్రశ్న: బయోస్ అప్‌డేట్ అయిన వెంటనే నీలం స్క్రీన్ మీద బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. నేనెప్పుడూ ఏ కీ పెట్టలేదు. డేటా పోయినట్టేనా?

జవాబు: పోలేదు. ఇది క్రాష్ కాదు, బిట్‌లాకర్ అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం, అది వేసి ఉందంతే. బయోస్ మారడంతో ఆ తాళాన్ని కాపాడే టీపీఎం అనే సెక్యూరిటీ చిప్‌లోని కొలతలు మారాయి, విండోస్ 'ఈ మెషీన్ ఎవరిదో' అని అనుమానపడింది. మీరు పెట్టకపోయినా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయిన కంప్యూటర్లలో చాలావాటికి ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది. ఫోన్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయి డివైజ్‌ల పేజీలో చూడండి, 48 అంకెల కీ ఉంటుంది. అది దొరికేదాకా డిస్క్ ఫార్మాట్ చేయమని ఎవరు చెప్పినా వినకండి. ఇకమీదట అప్‌డేట్‌కి ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి. ఏఎండీ బోర్డుల్లో అప్‌డేట్ తర్వాత ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) రీసెట్ చేయాలా, వై లేక ఎన్ నొక్కండి అని అడిగితే, కీ చేతిలో లేకుండా వై నొక్కకండి.

ప్రశ్న: అప్‌డేట్ తర్వాత విండోస్ లోగో వచ్చి ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైజ్ అని ఆగిపోతోంది. బయోస్‌లో మాత్రం ఎస్ఎస్‌డీ కనిపిస్తోంది.

జవాబు: స్టోరేజ్ మోడ్ (ఎస్ఎస్‌డీతో బోర్డు మాట్లాడే పద్ధతి) డిఫాల్ట్‌కి మారిపోయింది. ఏహెచ్‌సీఐ ఉన్నచోట రెయిడ్, లేదా ఇంటెల్ వీఎండీ ఆన్ ఉన్నది ఆఫ్, ఇలా ఏదో అటూఇటూ అయింది. తిరిగి పాతదానికి మార్చండి, బూట్ అవుతుంది. విండోస్ మళ్లీ వేయక్కర్లేదు.

ప్రశ్న: ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు బయోస్ అప్‌డేట్ తప్పనిసరి అంటున్నారు. అప్‌డేట్ చేస్తే గేమ్స్ మధ్యలో వచ్చే క్రాష్‌లు పోతాయా?

జవాబు: తప్పనిసరే, ముట్టుకోకపోతే మేలని నేను చెప్పని అప్‌డేట్ ఇదొకటి. ఆ ప్రాసెసర్లు అవసరానికి మించి వోల్టేజీ అడుగుతూ తమని తామే పాడుచేసుకుంటున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుంది. ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ లోపలి కోడ్‌కి దిద్దుబాట్లు) ఇచ్చింది. అవి వచ్చేది బయోస్ అప్‌డేట్ ద్వారానే. అయితే ఇవి జరగబోయే నష్టాన్ని ఆపడానికే, ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగుచేయలేవు. కాబట్టి అప్‌డేట్ చేసి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ప్రొఫైల్ పెట్టి, ఎక్స్ఎంపీ (ఎక్స్‌పో లాంటిదే, ఇంటెల్‌ది) ఆపి చూడండి. అప్పటికీ క్రాష్ అవుతుంటే బోర్డునీ ర్యామ్‌నీ వదిలేసి ప్రాసెసర్ వారంటీ క్లెయిమ్ చేయండి. ఈ సమస్య ఉన్న మోడళ్లకు ఇంటెల్ వారంటీని ఇంకో 2 ఏళ్లు పెంచింది, విడిగా డబ్బాలో కొన్నవాటికైతే మొత్తం 5 ఏళ్లు.