పిన్నిగారిని అడగండి: గోళ్లరంగు, బెండకాయ అచ్చు

నర్సాపురంలో 26 ఏళ్లు మిషను తొక్కాను. ముందు గదిలో కుట్టుపని, పక్కన అద్దాల బీరువాలో గాజులు, రిబ్బన్లు, గోళ్లరంగులు. ఇప్పుడు చూపు ఆనక మిషను కోడలికి అప్పగించాను గానీ నోరు ఇంకా నా దగ్గరే ఉంది. ఈ నెల ఉత్తరాల్లో సగం "సరదా ఉంది, డబ్బుల్లేవు" అనేవే. అయిదింటికి జవాబిస్తున్నాను.

పిన్నిగారూ, నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. 40 రూపాయల గోళ్లరంగు వేసుకుంటే రెండో రోజుకే అంచులు లేచిపోతున్నాయి, బుడగలు కూడా వస్తున్నాయి. మా ఫ్రెండు 400 పెట్టి కొన్నది వారం ఉంటోంది. ఖరీదైనది కొనక తప్పదా? – ఒక అమ్మాయి, రాజోలు

అమ్మాయ్, ఇంట్లో అంట్లు నువ్వే తోముతావా? నువ్వు రాయలేదు గానీ తోముతావనే నా అనుమానం. నీళ్లలో నానితే గోరు కాస్త ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ సర్దుకుంటుంది. మీదున్న రంగు పొర దానితోపాటు సాగలేదు, అంచు దగ్గర పట్టు వదిలేస్తుంది. స్నానం చేసొచ్చి వెంటనే వేసుకునేవాళ్ల రంగు నిలవకపోవడానికీ అదే కారణం. రాత్రి పనులన్నీ తెమిలాక, చేతులు పొడిగా ఉండి ఓ గంట గడిచాక కూర్చో.

రెండోది నూనె. కోనసీమ పిల్లవి, పొద్దున్నే జడకి రాసిన కొబ్బరినూనె సాయంత్రం దాకా వేళ్లకి ఉంటుంది. దూది మీద రెండు చుక్కలు రిమూవర్ వేసి, గోళ్లకి రంగు లేకపోయినా సరే, ఒక్కొక్కటీ తుడువు. నా కొట్టుకొచ్చే ఆడపిల్లలకి ఈ ఒక్కటి నేర్పితే చాలు, "కొత్త సరుకు తెప్పించారా పిన్నీ, బాగుంది" అనేవాళ్లు. సరుకు అదే!

ఇక బుడగలు. సీసాని గిలక్కొట్టకు, అరచేతుల మధ్య పెట్టి కవ్వం తిప్పినట్టు తిప్పు. ఫ్యాను కట్టెయ్. రంగుని పల్చగా ఉంచే ద్రవం ఆవిరైపోతేనే పొర గట్టిపడుతుంది. దళసరిగా పూసి ఫ్యాను కింద చెయ్యి పెడితే పైన తొందరగా ఎండిపోయి, లోపలి ఆవిరి బయటికి రాలేక బుడగవుతుంది. అందుకని పల్చగా ఒకసారి, అయిదు పది నిమిషాలాగి మళ్లీ పల్చగా ఒకసారి. కుంచెని చివర్లో గోటి అంచుకి కూడా ఓసారి తగిలించు. అంచు మూసుకుంటే నీళ్లు లోపలికి దూరవు.

40 రూపాయల రంగే ఉంచుకో. డబ్బు పెట్టాలంటే రంగులేని బేస్ కోట్ ఒకటి కొను, అన్ని రంగుల కిందకీ అదే పనికొస్తుంది. అది లేకుండా ముదురు ఎరుపు వేస్తే గోరు పసుపుపచ్చగా మారుతుంది. గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి ఆ పచ్చదనం పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది. సీసాలో రంగు చిక్కబడితే రిమూవర్ మాత్రం కలపకు, పొర బలం పోతుంది. దానికి థిన్నర్ వేరే ఉంటుంది. ఇంకోటి, వానాకాలం సాయంత్రం దోమల చక్రం వెలిగించి, దాని పక్కనే రిమూవర్ సీసా మూత తీసి కూర్చునేవాళ్లని నేను చూశాను. గుప్పుమని అంటుకుంటుంది తల్లీ. వంట పొయ్యి దగ్గరా అంతే.

నమస్తే అండి. మేం పన్నెండుమందిమి, ఫేర్‌వెల్‌కి ఒకేలాంటి టీ షర్టులు కావాలి. ప్రింటింగుకి ఇస్తే ఒక్కోటి 350 అవుతుందంటున్నారు. మా దగ్గర తలకి 200 ఉంది. ఇంట్లో వేసుకోగలమా? – ఫైనలియర్ కుర్రాడు, పాలకొల్లు

వేసుకోగలరు బాబూ. ముందు నేను పోగొట్టుకున్న పరువు గురించి విను. ఒక వినాయక చవితికి మా వీధి కుర్రాళ్లు పదిహేనుమందికి తెల్ల టీ షర్టుల మీద బొమ్మలు వేశాను. ఫ్యాబ్రిక్ కలర్లు కొనడం దండగని, మా వాడి స్కూలు పోస్టరు కలర్లు మిగిలితే వాటితో లాగించేశాను. ఎండలో చూస్తే భలే ఉన్నాయి. నిమజ్జనం రోజున రేవు దాకా వెళ్లేసరికి వాన. ఎర్రరంగు పొట్టల మీదుగా కారి, పదిహేనుమందీ తలకాయలు పగలగొట్టుకొచ్చినట్టు తయారయ్యారు. ఒక పిల్లాడి తల్లి నిజంగానే ఏడ్చింది. పోస్టరు కలరు నీళ్లకి కరిగే రంగు, ఎంత ఎండినా మళ్లీ కరుగుతుంది. గుడ్డ మీదకి ఫ్యాబ్రిక్ కలరే, వేరే దారి లేదు.

మీ దగ్గరున్నది 2,400. సాదా కాటన్ షర్టు 150కి దొరికితే 600 మిగులుతాయి, పన్నెండింటికీ రెండు రంగులకి సరిపోతాయి. కాటనో కాదో కొట్టువాడి మాట మీద వదిలెయ్యకు. లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి, పటకారుతో పట్టుకుని పళ్లెం మీద అంటించు. కాలిన కాగితం వాసనొచ్చి మెత్తటి బూడిద రాలితే కాటన్. కరిగి ముద్దయి, చల్లారాక గట్టి పూసలా నిలిస్తే పాలిస్టరు. కొన్న వెంటనే ఉతికి ఆరెయ్యండి. కొత్త గుడ్డకున్న గంజీ గట్రా పోయి రంగు పట్టుకుంటుంది, కుదించుకుపోయేది ఏమన్నా ఉంటే ముందే కుదించుకుపోతుంది.

చెయ్యి తిరిగినవాళ్లు మీలో లేకపోతే బొమ్మల జోలికి వెళ్లొద్దు, అచ్చులు వెయ్యండి. ముదురు బెండకాయని నడిమికి అడ్డంగా కోస్తే అయిదు రేకుల పువ్వు. జిగటని గుడ్డతో తుడిచేసి, కాయని సీసాలో ముంచకుండా, స్పాంజి మీద రంగు రాసి దానికి అద్ది షర్టు మీద నొక్కు. నొక్కాక కదపకు, నిట్టనిలువుగా ఎత్తు. మొదటి రెండు అచ్చులూ పాత గుడ్డ మీద వేసి చూసుకో. ఒక కాయకి ఏడెనిమిది పువ్వులు పడ్డాక అంచు మెత్తబడుతుంది, అర అంగుళం కింద మళ్లీ కొయ్యి. నలుపు షర్టు మీద తెల్ల బెండపువ్వు నాకు అన్నిటికంటే ఇష్టం.

అరటి డొప్ప ముక్క ఇంకా బాగుంటుంది, అడ్డంగా కోస్తే లోపల గళ్లు గళ్లుగా ఉంటుంది. రావులపాలెం చుట్టూ అరటి తోటలే కాబట్టి ఊరికే దొరుకుతుంది. కాకపోతే అరటి జిగురు మరక ఏ సబ్బుకీ లొంగదు. ముందు రోజు రాత్రే కోసి నిలబెట్టి కారనిచ్చి, పొద్దున్న తుడిచి వాడండి. అదీ ముదురు రంగు షర్టు మీదే. అక్షరాలు కావాలంటే పాత ఎక్స్‌రే ఫిల్ము మీద రాసి బ్లేడుతో కోస్తే మంచి స్టెన్సిల్. రంగు నీళ్లలా ఉండకూడదు, స్పాంజితో పొడిపొడిగా అద్దాలి. షర్టు లోపల అట్ట పెట్టడం మరిచిపోతే ముందు వేసింది వెనక్కి కూడా దిగుతుంది.

ఒక రోజంతా నీడలో ఆరనిచ్చి, షర్టు తిరగేసి, పల్చని గుడ్డ కప్పి, నీళ్లు చల్లకుండా వేడి ఇస్త్రీ చెయ్యండి. మూడు రోజులదాకా ఉతకొద్దు. అంటే ఫేర్‌వెల్‌కి కనీసం వారం ముందు మొదలుపెట్టాలి. మీరు ముందు రోజు రాత్రి కూర్చుంటారని నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను.

పాత గోళ్లరంగులు తొమ్మిది సీసాలున్నాయి. వాటితోనే టీ షర్టు మీద డిజైన్ వేసుకోవచ్చా అక్కా? – ఒక గృహిణి, తణుకు

వద్దమ్మా. అది గోటికోసం చేసిన గట్టి పొర, గుడ్డ ముడుచుకున్నప్పుడల్లా పెటపెటమని పగులుతుంది. పైగా ఇస్త్రీపెట్టె తగిలితే ప్రమాదం. ఆ రంగులతో తాళంచెవులకి తలో గుర్తు పెట్టుకోండి, బీరువాది ఎరుపు, గేటుది నీలం. మా ఇంట్లో పదేళ్లుగా అదే పద్ధతి.

మా అమ్మమ్మ అల్లిన లేసు ముక్కలు సంచెడు ఉన్నాయండి. నా టీ షర్టు మెడ చుట్టూ కుడితే, వేసుకునేటప్పుడు కుట్లు టపటపా తెగిపోయాయి. – నర్సాపురం దగ్గర్నుంచి

మన నర్సాపురం లేసుకి 2024లో, ఈ ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అమ్మమ్మగారికి నా నమస్కారం చెప్పు. తప్పు లేసుది కాదు. టీ షర్టు గుడ్డ సాగుతుంది, తిన్నటి కుట్టు సాగదు. తల దూరేచోట సన్నటి జిగ్‌జాగ్ కుట్టు వెయ్యాలి, సూది బాల్‌పాయింటు, అంటే మొన గుండ్రంగా ఉండేది, కావాలి. మామూలు సూది అల్లిక పోగుని కోసేసి చిల్లు పెడుతుంది. అంతకంటే సుఖం, మెడ వదిలేసి భుజం మీదో జేబు మీదో కుట్టుకో. గుడ్డ కింద తెల్ల నోటుబుక్కు కాగితం పెట్టి కుడితే మిషను పళ్లు లాగవు, తర్వాత చింపెయ్యొచ్చు. వార్తాపత్రిక పెట్టావో, సిరా అంటుతుంది. లేసుని కూడా ముందే నీళ్లలో నానబెట్టి ఆరేసుకో.

రొయ్యల ప్లాంటులో పని. గోళ్లరంగు వేసుకోనివ్వరు. సెలవు రోజు వేసుకుని మర్నాడు తీసేస్తుంటే గోళ్లు తెల్లగా పొడిబారిపోతున్నాయి పిన్నిగారూ. – భీమవరం వైపు నుంచి

తినే సరుకు దగ్గర పని కదమ్మా, పెచ్చు ఊడి రొయ్యల్లో పడకూడదు, ఆ రూలు సబబే. గోళ్లు తెల్లబడేది వారం వారం రిమూవర్ వాడటం వల్ల, గోటిలో ఉన్న నూనెంతా లాగేస్తుంది. తెల్ల బంక ఉంటుంది కదా, పిల్లలు క్రాఫ్టుకి వాడేది, దానిలో నాలుగు చుక్కల నీళ్లు కలిపి గోటికి పల్చగా పూసి, అది పూర్తిగా ఆరాక మీద రంగు వేసుకో. రాత్రి గోరువెచ్చటి నీళ్లలో చేతులు నానబెడితే పొర మొత్తం ఒలిచినట్టు వచ్చేస్తుంది, రిమూవర్ అక్కర్లేదు. ఒక పూట షికారుకి ఆ మాత్రం నిలుస్తుంది, అంట్లు తోమకపోతే. తీశాక కొబ్బరినూనె రాసుకుని పడుకో.

కాళ్ల గోళ్లకైతే మంచి రంగే వేసుకో, గమ్‌బూట్ల లోపల ఎవరు చూస్తారు? అయినా ముందు మీ సూపర్‌వైజర్ని ఓ మాట అడుగు.