మరుగుదొడ్డి కట్టినా ఇంట్లో కొందరు బయటికే ఎందుకు వెళ్తారు?

ముఖ్యంగా గుంత నిండుతుందన్న భయం. నిండితే ఎత్తేదెవరు? ఆ పని కులంతో, మైలతో ముడిపడింది. ఇంకా కుళ్లి ఎరువు కాని మలాన్ని మనుషుల చేత ఎత్తించడం 2013 చట్టం ప్రకారం నేరం. అందుకే మగవాళ్లు చెంబు పట్టుకుని పొలానికి పోతూ, దొడ్డిని ఆడవాళ్లకూ ముసలివాళ్లకూ రాత్రివేళకూ అట్టిపెడతారు.

కానీ స్వచ్ఛ భారత్ 12,000 రూపాయల సాయంతో కట్టే జంట గుంతల్లో ఒకటి నిండడానికే ఏళ్లు పడుతుంది. నిండాక మళ్లింపు తొట్టిలో (గొట్టం రెండు గుంతలకూ చీలే చోట) దాని దారి మూసి రెండోదానికి తిప్పాలి. నిండినదాన్ని రెండేళ్లు కదపకుండా ఉంచితే మిగిలేది వాసన లేని ఎరువు. అడుగున సిమెంటు చేస్తే నీరు ఇంకదు. రెండు దారులూ తెరిచి ఉంచితే గుంతలు రెండూ ఒకేసారి నిండుతాయి, అప్పుడు ఆ భయం నిజమే అవుతుంది! ఊళ్లో ఎవరింట్లోనైనా అలా రెండేళ్లు ఆరిన గుంత ఉంటే తెరిపించి, ఇంటి పెద్దకు ఆ ఎరువును కళ్లారా చూపించండి.