మృదంగం, చర్చి కీబోర్డు, ఆర్కెస్ట్రా గిటార్: వీళ్ళతో బ్లూస్ బ్యాండ్ నిలుస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ మూడో సంవత్సరం. చిన్నప్పుడు ఆరేళ్ళు మృదంగం నేర్చుకున్నాడు. ఇప్పుడు స్నేహితులతో కలిసి బ్లూస్ బ్యాండ్ పెట్టాడు, డ్రమ్స్ వాయిస్తాడు. కీబోర్డు కుర్రాడు చర్చిలో వాయిస్తాడు. గిటార్లు ఇద్దరు: ఒకతను సినిమా పాటల ఆర్కెస్ట్రా నుంచి వచ్చాడు, పాడేది కూడా అతనే, రెండో అతను రాక్ వాయిస్తాడు. బాస్ వాయించే అమ్మాయి సొంతంగా నేర్చుకుంది. మౌతార్గాన్ కుర్రాడు కొత్తగా చేరాడు. ఎవరిదీ బ్లూస్ నేపథ్యం కాదు. ఇలాంటి బ్యాండ్ నిలబడుతుందా? చదువు సంగతేంటి? మృదంగం మానేయాలా? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: నేపథ్యాలు కలవలేదని బెంగ పెట్టుకోకండి. బ్లూస్ అంటే అమెరికాలో నల్లజాతివారి మధ్య పుట్టిన సంగీతం. 1950ల్లో షికాగో బ్లూస్‌కి రూపమిచ్చిన మడ్డీ వాటర్స్ బృందంలోనూ ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. మడ్డీ వాటర్స్ మిసిసిపీలో పత్తి తోటలో ట్రాక్టర్ నడిపినవారు. 1941లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ ఆ తోటకే వెళ్ళి, అమెరికా జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం ఆయన పాటలు రికార్డు చేశారు. 1943లో షికాగో చేరాక కూడా చాలాకాలం పగలు ఫ్యాక్టరీ పని, లారీ తోలడం, రాత్రి పాట. మౌతార్గాన్ వాయించిన లిటిల్ వాల్టర్ లూసియానాలో పుట్టారు. పన్నెండేళ్ళకే బడి మానేసి వీధుల్లో వాయిస్తూ షికాగో చేరారు. చవక మైకుని, మౌతార్గాన్‌ని కలిపి గుప్పిట్లో పట్టుకుని యాంప్లిఫయర్‌లోకి ఊదుతూ ఆయన తీసిన నాదాన్నే ఇప్పటికీ అందరూ అనుకరిస్తున్నారు.

విల్లీ డిక్సన్ కథ ఇంకా వేరు. మొదట చర్చి పాటల బృందంలో మంద్రస్థాయి గొంతు ఆయనది, ఆ తర్వాత హెవీవెయిట్ బాక్సర్. మొదటి బాస్ వాయిద్యం రేకుడబ్బాకి ఒకే తీగ కట్టి చేసింది. వీళ్ళ రికార్డింగుల్లో డ్రమ్స్ వాయించిన ఫ్రెడ్ బిలో మాత్రం జాజ్ నుంచి వచ్చారు, పద్ధతిగా స్కూల్లో పర్కషన్ చదివారు. అంటే బడిలో నేర్చినవాడు, వీధిలో నేర్చినవాడు ఒకే పాటలో కూర్చున్నారు.

వాళ్ళని కలిపి ఉంచింది చోటు పంచుకోవడం. రెండో గిటార్ జిమ్మీ రోజర్స్‌ది. మడ్డీ వాటర్స్ గాజుగొట్టం లాంటి స్లైడ్‌తో పై తీగల మీద పాడించేటప్పుడు, రోజర్స్ కింది తీగల మీద బాస్ వరసలు వాయించేవారు. ఇద్దరూ ఒకే చోటికి వచ్చేవారు కాదు. మీ అబ్బాయి బ్యాండ్‌లో ముందు చూడాల్సింది ఇదే.

ఆర్కెస్ట్రాలో గిటారిస్టు పాట పొడవునా పూర్తి కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) కొడుతూనే ఉండాలి. ఆ అలవాటు ఇక్కడ అడ్డమొస్తుంది. రాక్ గిటార్ కూడా అవే కార్డులు అదే ఎత్తులో కొడితే పాటంతా ముద్దగా వినిపిస్తుంది. ఒకరు కింది తీగల మీద రెండు స్వరాల వరస పట్టుకుంటే, రెండోవారు పాట ఆగిన చోట మాత్రమే జవాబిస్తే సరిపోతుంది. చర్చి కీబోర్డు పెద్ద ఆస్తి, ఎందుకంటే గాస్పెల్ అనే చర్చి పాటలదీ బ్లూస్‌దీ ఒకే నేల. కాకపోతే చర్చిలో బాస్ లేనప్పుడు ఎడమచెయ్యే ఆ పని చేస్తుంది. ఇక్కడ బాస్ అమ్మాయి ఉంది కాబట్టి ఎడమచెయ్యి తగ్గించుకోవాలి. లేకపోతే కింది స్వరాలు కలిసిపోయి బాస్ తప్పు వాయిస్తోందనిపిస్తుంది, పాపం ఆమె సరిగానే వాయిస్తున్నా.

మౌతార్గాన్ విషయంలో దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు: దుకాణంలో ఇరవైనాలుగు రంధ్రాల ట్రెమోలో కొంటారు. దాంట్లో స్వరాన్ని కిందికి వంచడం కుదరదు, వంపు లేకపోతే బ్లూస్ లేదు. పది రంధ్రాల డయాటానిక్ కావాలి. అదీ పాట ఏ శ్రుతిలో ఉంటే ఆ శ్రుతిది కాదు. పాట ‘ఈ’ (E)లో ఉంటే ‘ఏ’ (A) మౌతార్గాన్, పాట ‘ఏ’లో ఉంటే ‘డి’ (D), ‘జి’ (G)లో ఉంటే ‘సి’ (C). అప్పుడే లోపలికి పీల్చే స్వరాలు పాట శ్రుతికి సరిపోతాయి, వంచాల్సినవి చేతికి అందుతాయి. మొదట ఈ మూడూ చాలు.

ఇక మీ అబ్బాయి. మృదంగం నేర్చినవాడికి బ్లూస్ పన్నెండు బార్లు అర్థం కావడం చాలా తేలిక. బార్ అంటే పాటని కొలిచే ఒక గడి. బార్‌కి నాలుగు చొప్పున మొత్తం నలభై ఎనిమిది దెబ్బలు, అంటే ఆది తాళం ఆరు ఆవర్తనాలు. ‘ఈ’ శ్రుతిలో అయితే మొదటి రెండు ఆవర్తనాలు ‘ఈ’ కార్డు, మూడోది ‘ఏ’, నాలుగోది మళ్ళీ ‘ఈ’. ఐదోది సగం ‘బి’, సగం ‘ఏ’. ఆరోది మళ్ళీ ‘ఈ’, చివర్లో ‘బి’ తాకి మొదటికి తిరుగుతుంది. చేత్తో తాళం వేసుకుంటూ కార్డుల పేర్లు పైకి చెప్పమనండి. రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

షఫుల్ అనే నడక కూడా వాడికి కొత్త కాదు. ప్రతి దెబ్బనీ తిస్రంగా, అంటే మూడు సమభాగాలుగా ‘తకిట’ అనుకుని, మధ్యలో ‘కి’ని మౌనంగా వదిలేస్తే షఫుల్. ఆ ‘కి’ ఖాళీ కొలత తప్పితే నడక చెడుతుంది. ఖాళీ పెరిగి చివరి ‘ట’ కుదించుకుపోతే కవాతులా, రెండు సమభాగాలు చేస్తే మామూలు రాక్‌లా మారిపోతుంది.

వాడికి కష్టమయ్యేది వేరే ఉంది. మృదంగంలో సమం మీద ముగింపు గట్టిగా పడాలి. ఇక్కడ బరువు రెండో, నాలుగో దెబ్బల మీద, స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద పడాలి. ఇంకొకటి, ప్రతి ఆవర్తనానికీ తీర్మానం (ముగింపు జతులు) వేయాలని చెయ్యి లాగుతుంది. అలా వేస్తే పాడేవాడికి ఊపిరాడదు. పన్నెండో బార్‌లో తప్ప ఫిల్ (ఖాళీ నింపే చిన్న వాయింపు) వేయకూడదని రెండు నెలలు నియమం పెట్టుకోమనండి. రోజూ మెట్రోనోమ్ (వేగం తప్పకుండా చప్పుడు చేసే పరికరం) నిమిషానికి నలభై మీద పెట్టి, ఆ చప్పుడు రెండు, నాలుగు దెబ్బల మీద పడుతోందనుకుని ఇరవై నిమిషాలు వాయించాలి. పాట వేగం అప్పుడు ఎనభై అవుతుంది. రిహార్సల్ ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వింటే, వేగం ఎక్కడ పెరిగిందో వాడికే తెలుస్తుంది.

చదువు పూర్తి చేయనివ్వండి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. మన దేశంలో షిల్లాంగ్‌లో 2003లో మొదలైన సోల్‌మేట్ బ్లూస్ బ్యాండ్ 2007లో మెంఫిస్‌లో జరిగే అంతర్జాతీయ పోటీ దాకా వెళ్ళింది, 2011 నుంచి ముంబైలో మహీంద్రా బ్లూస్ ఫెస్టివల్ మొదలైంది. దారి ఉంది, ఇరుకైనది. కచేరీలతో పాటు డ్రమ్స్ పాఠాలు చెప్పడం, స్టూడియో పని, సౌండ్ పని కలిస్తేనే నెల గడుస్తుంది. అంత పేరున్న జిమ్మీ రోజర్స్ కూడా 1960ల్లో సంగీతం వదిలి ట్యాక్సీ నడిపారు, బట్టల దుకాణం పెట్టుకున్నారు. పాఠాలు చెప్పే ఉద్దేశం ఉంటే ట్రినిటీ లేదా రాక్‌స్కూల్ సంస్థల డ్రమ్స్ గ్రేడ్ పరీక్షలు ఎనిమిదో గ్రేడు దాకా రాయించండి. సర్టిఫికెట్ చూసి ఎవరూ కచేరీ ఇవ్వరు గానీ, పిల్లల్ని పంపే తల్లిదండ్రులు అడుగుతారు.

సొంత పాటలు కడుతున్నారా? అయితే ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో, ఎవరికి ఎంత వాటానో ఒక కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టాలి, పాట బయటికి రాకముందే. విల్లీ డిక్సన్ తన పాట విషయంలో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ మీద 1985లో కోర్టుకెళ్ళాల్సి వచ్చింది, రెండేళ్ళకి రాజీ కుదిరింది. మన దగ్గర పాట రాసినవారు, బాణీ కట్టినవారు పాటల రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుంటే, ఆ పాట వాడినప్పుడు రాయల్టీ వస్తుంది.

మృదంగం మానొద్దు. వారానికి మూడు రోజులైనా చతురశ్రం (దెబ్బకి నాలుగు) నుంచి తిస్రానికి (దెబ్బకి మూడు), మళ్ళీ చతురశ్రానికి నడక మార్చే పాఠాలు సాధన చేయమనండి. షఫుల్‌కి అంతకన్నా మంచి కసరత్తు లేదు. కర్ర పట్టుకునే తీరు, కాలి పెడల్ పని మాత్రం మృదంగం నేర్పదు, దానికి డ్రమ్స్ గురువు దగ్గర ఆరు నెలలైనా కూర్చోవాలి. కర్రని బిగించి పట్టుకుని గంటలకొద్దీ వాయిస్తే మణికట్టు నొప్పి మొదలవుతుంది, అప్పుడు రెండు వాయిద్యాలూ ఆగిపోతాయి.