ప్రాచీన ఈజిప్టులో పొలం తగాదా ఎలా తేల్చేవారు?

వేల ఏళ్ల కిందట పొలం ఎవరిదో ఎలా తేల్చేవారని అడిగారు. రికార్డులు అప్పుడూ ఉన్నాయి, వాటిని తారుమారు చేసేవాళ్లూ ఉన్నారు. ఈజిప్టులో మెస్ అనే ఖజానా లేఖకుడి కేసే చూడండి. అహ్మోస్ రాజు మెస్ పూర్వీకుడైన నెషి అనే ఓడ అధికారికి బహుమానంగా ఇచ్చిన భూమి అది. సుమారు 300 ఏళ్ల తర్వాత, రెండో రామ్సెస్ కాలంలో, మెస్ తల్లి నుబ్‌నోఫ్రెత్ ఆ భూమి కోసం ఖాయ్ అనే అతని మీద కోర్టుకెళ్లింది. ఖజానా, ధాన్యాగారం రిజిస్టర్లు తెప్పించి చూస్తే ఆమె కుటుంబం పేరే లేదు! పాపం, ఓడిపోయింది.

తర్వాత మెస్ ఆ రికార్డులు దొంగవని వాదించాడు. తన తండ్రి హుయ్ ఏటా ఆ పొలం సాగు చేసేవాడని ఊరివాళ్ల చేత ప్రమాణం చేయించి సాక్ష్యం చెప్పించాడు. ఈ కేసు చెక్కిన శాసనంలో తీర్పు భాగం శిథిలమైంది. కానీ సక్కారాలోని తన సమాధి గోడల మీద కేసంతా చెక్కించుకున్నాడంటే గెలిచే ఉంటాడు.