ఎంత తాడు వదిలారో చెప్పండి

చి. అమ్ములుకి, అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఇల్లు ఖాళీ చేసి పడవలో కాపురం పెడుతుందట. ఇదంతా నువ్వు ఎక్కించిన పిచ్చే" అని అరగంట తిట్టింది. నేను కిక్కురుమనలేదు. ఫోన్ పెట్టేశాక మీ అత్తతో చెబుతుంటే, "తిట్లు తిన్నవాడి మొహంలా లేదే" అంది. నిజమే, లోపల పొంగిపోయాను. కానీ దీపం ఆర్పాక నిద్ర పట్టలేదు. లేచి ఇది రాస్తున్నాను.

మామూలు సంగతులు ముందు. మీరు వెళ్ళే ఇంట్రాకోస్టల్, అంటే అమెరికా తూర్పు తీరం వెంబడి లోపలగా సాగే జలమార్గం, నార్ఫోక్ దగ్గర సున్నా మైలు నుంచి మయామీకి దాదాపు 1,090 మైళ్ళు. అందులో లెక్క రోడ్డు మైళ్ళలో ఉంటుంది, సముద్రపు మైళ్ళలో కాదు. తెరచాప ఉంది కదా అని మురిసిపోకండి, కాలవల్లో చాలా రోజులు ఇంజనే దిక్కు. డీజిల్ ఫిల్టర్లు దండిగా పెట్టుకోండి. దక్షిణానికి వెళ్తుంటే పసుపు త్రికోణం ఉన్న దారి గుర్తులు కుడిచేతి వైపు ఉండాలి. కదలని వంతెనల ఎత్తు చాలావరకు 65 అడుగులు, మయామీలో ఒకటి మాత్రం 56. తెరచాప కొయ్య ఎత్తు యాంటెన్నాతో కలిపి కొలవండి. తుపానుల కాలం నవంబరు 30 దాకా. ఏ తేదీకి ముందు ఎంత దక్షిణానికి పోకూడదో ఇన్సూరెన్స్ పాలసీలో చదివే బయలుదేరండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే చోట ఉండాలి.

నార్ఫోక్ దాటాక వచ్చే గ్రేట్ బ్రిడ్జ్ లాకు చూసి భయపడకు. మన పాలకొల్లు కాలవ మీద లాకుల్లాంటిదే. తలుపులు మూస్తారు, నీళ్ళు సర్దుతారు, తలుపులు తీస్తారు. చిన్నప్పుడు ధాన్యం పడవలు లాకుల్లో ఆగితే గట్టున కూర్చుని చూసేవాణ్ణి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్ళు. నా పిచ్చికి మొదలు అక్కడే, అక్కకి చెప్పు.

ఇక అసలు సంగతి. 2003 నవంబరులో జార్జియా రాష్ట్రంలో సవానా దాటాక, గడ్డి మేటల మధ్య ఒక పాయలో లంగరు వేశాం. సాయంత్రం అయిదు గంటలు, నీళ్ళు బాగా తీసి ఉన్నాయి. లోతు ఎనిమిది అడుగులు. పడవ ముక్కు నీటికి నాలుగు అడుగుల పైన. మొత్తం పన్నెండు, దానికి అయిదింతలు అరవై. పుస్తకంలో ఉన్న లెక్కే కదా అని అరవై అడుగులు వదిలి చేతులు దులుపుకున్నాను.

మీ అత్త స్టవ్ మీద పులుసు కలుపుతూ, "గట్టు మీద గడ్డికి బురద చూడండి, ఎంత పైదాకా ఉందో. రాత్రికి నీళ్ళు అక్కడిదాకా వస్తాయి కదా, తాడు చాలుతుందా?" అంది. తను నరసాపురం మనిషి, గోదావరి పోటు చూస్తూ పెరిగింది. నేను ఇంజనీరుని. "లెక్క వేశానే" అన్నాను. ఆ గొంతు ఎలా ఉండేదో నీకు తెలుసు.

జార్జియాలో పోటుకీ ఆటుకీ ఏడెనిమిది అడుగుల తేడా. రాత్రి పదకొండుకి లోతు పదిహేను అయింది. ముక్కు ఎత్తు కలిపితే పంతొమ్మిది. నా అరవై అడుగులు మూడింతలకు దిగిపోయాయి. లోతుతో పోలిస్తే తాడు తగ్గేకొద్దీ లాగుడు పైకి వస్తుంది, నేలలో దిగబడ్డ లంగరు పైకి లేస్తుంది. అప్పుడే గాలివాన. నేను కళ్ళు తెరిచేసరికి గడ్డి పడవ పక్కల్ని గీరుతున్న చప్పుడు.

నిండు పోటు మీద గట్టెక్కడం కన్నా దరిద్రం లేదు. అక్కణ్ణుంచి నీళ్ళు తీయడమే తప్ప పెరగడం ఉండదు. రెండు గంటలకల్లా పడవ పక్కకి ఒరిగిపోయింది. మూత పెట్టిన పులుసు గిన్నె నిదానంగా జారి, నా దిండు మీద బోర్లా పడింది. చింతపండు వాసన వసంతం దాకా పోలేదు. మళ్ళీ పోటు వచ్చేదాకా పన్నెండు గంటలు, ఇద్దరం ఒరిగిన గోడ మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. తెల్లారేసరికి చుట్టూ నీళ్ళు లేవు, బురదా కొంగలూ. మీ అత్త ఒక్క మాట అనలేదు. అదే భరించలేకపోయాను. ఏడింటికి బురద వాసన పీల్చి, "అచ్చం మా ఊరే" అని నవ్వింది. ఇరవై రెండేళ్ళయినా ఆ నవ్వు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కాబట్టి లోతు చూడగానే పోటు కలపండి, ముక్కు ఎత్తు కలపండి, ఆపైన ఏడింతలు. మా లెక్కకి 133 అడుగులు పడాలి. అల్లుడూ, అమ్ములు "చాలదేమో" అంటే ఆ రాత్రికి ఇంకో ఇరవై అడుగులు వదులు. ఆ చోటు ఇరుకైతే వేరే చోటు చూసుకోండి. వాదన పొద్దున పెట్టుకోవచ్చు. లంగరు వేసేటప్పుడు అరుచుకోకండి, చేతి సైగలు ముందే అనుకోండి. ముప్పై రెండు అడుగుల పడవలో అలిగి వెళ్ళడానికి పక్కగది ఉండదు.

అమ్ములూ, నీకు ఇంకా ఈత రాదు. ఆరేళ్ళప్పుడు కాలవలో రెండు రోజులు నేర్పాను, మూడోరోజు ఏడ్చావు, నేనూ వదిలేశాను. వదిలేసి ఉండాల్సింది కాదు. బయలుదేరడానికి ఇంకా నాలుగు నెలలుంది, ఏదో ఒక పూల్‌లో చేరు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ తీయొద్దు, నవంబరు నీళ్ళు ఒంట్లో బలం లాగేస్తాయి. రాత్రిపూట ఒంటరిగా పైకి వస్తే ఛాతీ పట్టీకి తాడు తగిలించి, రెండో కొస పడవకి కట్టుకునే రా. ఇది కోపంతో రాస్తున్నానని అనుకున్నా పర్వాలేదు.

ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాల్లో పెడుతోంది మీ అత్త. గాజు సీసాలు పడవలో వద్దు. మీరు గ్రేట్ బ్రిడ్జ్ దగ్గరికి వచ్చే రోజు చెప్పండి, గట్టు మీద నిలబడతాం. తను పడవ ఎక్కదట, చూస్తుందట.

జార్జియా చేరాక మొదటి రాత్రి లోతు ఎంతో, తాడు ఎంత వదిలారో ఫోన్ చేసి చెప్పండి. ఎంత రాత్రయినా సరే. నేను నిద్రపోతే మీ అత్త ఎత్తుతుంది, లెక్క తనకి చెప్పండి.

మీ మామయ్య