రోజూ పరిగెత్తే కుర్రాడి ఊపిరితిత్తుల్లో నీరెందుకు చేరింది?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. మా తమ్ముడికి 26 ఏళ్లు. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో రోజూ పరుగు తీసి ఆర్మీకి సెలెక్టయ్యాడు. ఈమధ్య విమానంలో లద్దాఖ్‌లోని లేహ్ వెళ్లాడు. మూడో రోజు రాత్రి దగ్గు, ఆయాసం మొదలై, పడుకుంటే ఊపిరాడలేదట. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆక్సిజన్ పెట్టి కిందికి దించాక నాలుగు రోజుల్లో తేరుకున్నాడు. గుండెకు తీసే స్కాన్ (ఎకో) బాగుందన్నారు. ఇప్పుడు సెలవు మీద ఇంట్లో ఉన్నాడు. ‘గుండె పాడైందేమో, మళ్లీ పంపొద్దు’ అని మా అమ్మ ఏడుస్తోంది. మా నాన్నమ్మకు కూడా ఆయాసమే, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంది. ఇద్దరిదీ ఒకటే జబ్బా? వంశంలో ఉందా?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారికి ఒక మాట చెప్పండి. మీ తమ్ముడిది గుండె జబ్బు కాదు. గుండె బాగానే ఉన్నా, ఎత్తైన చోట ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరే జబ్బు ఇది. మన సైన్యానికి కొత్తదేం కాదు. 1962 యుద్ధకాలంలో మైదానాల నుంచి వెళ్లిన జవాన్లకు ఇది ఎక్కువగా రావడంతో, ఇందర్ సింగ్ అనే సైనిక వైద్యుడి బృందం ఆ కేసులను పరిశీలించి 1965లో వివరంగా రాసింది.

ఇక రోజూ పరిగెత్తేవాడికి ఎందుకొచ్చిందంటే, ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలది ఒంట్లో మిగతావాటికి పూర్తిగా ఎదురు స్వభావం. కాలి కండకు ఆక్సిజన్ చాలకపోతే అక్కడి నాళాలు వెడల్పై ఎక్కువ రక్తాన్ని రప్పించుకుంటాయి. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ తగ్గిన చోట మాత్రం నాళాలు ముడుచుకుపోతాయి. 1946లో స్వీడన్‌లో ఫాన్ ఆయిలర్, లిలియెస్ట్రాండ్ అనే శాస్త్రవేత్తలు పిల్లుల మీద ప్రయోగం చేసి ఈ సంగతి చూపించారు. (ఫాన్ ఆయిలర్‌కు 1970లో నోబెల్ వచ్చింది గానీ అది వేరే పనికి.)

వినడానికి తిక్కగా ఉన్నా ఇందులో పెద్ద పొదుపుంది. మీ వైపు కాలువ నీటితో వరి పండిస్తారు కాబట్టి ఇలా చెబుతాను. వంశధార కాలువ కింద పది మడుల్లో ఒకటి ఈ ఏడు నాట్లు పడక ఖాళీగా ఉందనుకోండి. ఆ మడికి పోయే మదుం (తూము) మూసి, నీటిని మిగతా తొమ్మిదింటికి మళ్లిస్తారు కదా. కఫం అడ్డుపడో, నిమోనియా వచ్చో ఊపిరితిత్తిలో ఒక మూలకు గాలి అందకపోతే, అక్కడి సన్నని ధమని క్షణాల్లో బిగుసుకోవడం మొదలుపెట్టి, గాలి బాగా ఆడే చోటికి రక్తాన్ని పంపుతుంది. మెదడు ఆజ్ఞతో పని లేదు. నాళం గోడలోని కండర కణమే ఆక్సిజన్ తగ్గిందని పసిగడుతుంది, అందులో పొటాషియం దారులు మూసుకుంటాయి, కాల్షియం లోపలికొస్తుంది, కండరం బిగుస్తుంది. తల్లి కడుపులో బిడ్డకు ఊపిరితో పని లేదు కాబట్టి ఈ మదుములు దాదాపు మూసే ఉంటాయి. పుట్టి మొదటిసారి ఏడ్చినప్పుడు గాలి చొరబడి అవి తెరుచుకుంటాయి.

లేహ్‌లో ఏమైందో ఇప్పుడు చూద్దాం. ఆ ఊరు సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. గాలిలో ఆక్సిజన్ వంతు అక్కడా 21 శాతమే, కాని గాలి ఒత్తిడి తక్కువ. ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ ఇక్కడి దానిలో మూడింట రెండు వంతులే. అంటే ఒక మడి కాదు, ఆయకట్టు మొత్తానికీ కొరత. దాంతో మదుములన్నీ ఒకేసారి మూసుకోవడం మొదలవుతుంది. అవి ఒకే తీరున మూసుకున్నా కొంత నయమే, కానీ కొన్ని గట్టిగా, కొన్ని వదులుగా మూసుకుంటాయి. వెనక నుంచి వచ్చే రక్తం తగ్గదు కదా, అదంతా వదులుగా ఉన్న చోట్లకు ఎగబడుతుంది. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ 120/80 ఉండే మనిషికి ఊపిరితిత్తుల ధమనిలో అది సుమారు 25/10. అంత తక్కువ ఒత్తిడికి అలవాటుపడ్డ పల్చటి గట్లు ఈ ధాటికి ఆగలేక చెమరుస్తాయి. ఆ నీరే గాలి గదుల్లో చేరుతుంది. గుండె వెనక్కి నెట్టిన నీరు కాదు గనుక, నీరు దించే మాత్రలు దీనికి వైద్యం కాదు. ఆక్సిజన్ పెట్టి కిందికి దించగానే మదుములు తెరుచుకుంటాయి, అందుకే మీవాడు అంత త్వరగా తేరుకున్నాడు.

మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నారంటే అది కండబలం. ఈ నాళాలు ఎంత బిగుసుకుంటాయన్నది మనిషి మనిషికీ మారే గుణం, వ్యాయామంతో తగ్గేది కాదు. పైగా బలమున్న కుర్రాళ్లే దిగిన రోజు నుంచి బరువులు మోస్తారు, ఆయాసమొస్తే ‘పిరికివాడంటారేమో’ అని దాస్తారు. నన్నడిగితే అలా దాచడమే జబ్బు కంటే ప్రమాదం.

ఒకసారి వచ్చినవాడికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఇంటికొచ్చి వెళితే పాత అలవాటు పనికిరాదు, మొదటి నుంచీ అలవాటు పడాల్సిందే. కాబట్టి డిశ్చార్జి కాగితాలు యూనిట్ డాక్టరుకు చూపించి, ఎత్తు ప్రాంతానికి పంపాలో వద్దో ఆయననే తేల్చమనండి. వెళ్లాల్సి వస్తే నెమ్మదిగా ఎక్కాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. నిఫెడిపిన్ లాంటి నాళాలను వదులు చేసే మందులు ముందుజాగ్రత్తగా ఇస్తారు గానీ, అవి బీపీని కూడా దించుతాయి, మెడికల్ షాపులో కొని సంచిలో పెట్టి పంపొద్దు. పొడి దగ్గు వచ్చినా, నిన్న తేలిగ్గా ఎక్కిన మెట్లు ఇవాళ కష్టమైనా వెంటనే చెప్పాలి.

మీ నాన్నమ్మది వేరే జబ్బు, వంశానిది కాదు. ఏళ్ల తరబడి సరుగుడు కర్రల పొయ్యి ముందు కూర్చున్న చాలామంది పెద్దవాళ్ల ఊపిరితిత్తులు పాడై నా దగ్గరికి వస్తుంటారు, ఆవిడదీ అదే కావచ్చు. మీ తమ్ముడికి నాలుగు రోజులున్న బిగింపు అలాంటివారికి ఏళ్లుగా ఉంటుంది. నాళాల గోడలు దళసరెక్కి, గుండె కుడి భాగం అలిసి, పాదాలు వాస్తాయి. మిషన్ రోజుకు 15 గంటలకు తగ్గకుండా పెట్టమనేది అందుకే. అయితే ఆయాసం ఎక్కువైందని మీరే లీటర్లు పెంచొద్దు. ఆక్సిజన్ మరీ ఎక్కువైతే పాడైన మడులకూ మదుములు తెరుచుకుంటాయి, రక్తం అక్కడికి వృథాగా పోయి ఒంట్లో బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) పేరుకుంటుంది. వేలికి పెట్టే ఆక్సీమీటరులో ఇలాంటివారికి 88 నుంచి 92 మధ్య చాలు. ఆవిడకు ఎంత ఉండాలో చూసే డాక్టరును అడిగి, ఆ అంకె మిషన్ మీద రాసి అంటించండి. పొద్దున్నే తలనొప్పి ఉన్నా, పిలిస్తే మత్తుగా పలుకుతున్నా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.